కుండ మీద ఎవరి పేరు?

ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే వాళ్ళ దగ్గర ఆ మధ్య గ్రీకు మట్టిపాత్రల గురించిన బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అట్ట చిరిగిపోయి ఉంది. బేరమాడి తెచ్చుకున్నాను. నేను కళావిమర్శకుణ్ణి కాను, చరిత్రకారుణ్ణీ కాను. మునిసిపాలిటీ తెలుగు బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. "ఈ వయసులో గ్రీకు కుండలతో నీకేం పనయ్యా?" అని మా ఆవిడ అడిగింది. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు కొంత తోచింది. ఆ జవాబులో ఒక తప్పొప్పుకోలు కూడా ఉంది. అది నా ఒక్కడిదే అయితే ఇంట్లోనే ఉంచుకునేవాణ్ణి. మనలో చాలామందిది అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

ఆ పుస్తకంలో ఒక కూజా ఉంది. ఎత్తు 26 సెంటీమీటర్లు, అంటే జానెడు పైచిలుకు. ద్రాక్షసారా వంచుకునే పాత్ర. క్రీ.పూ. 650, 640 ప్రాంతంలో గ్రీసులోని కొరింత్ పనితనంతో తయారైంది. అంత చిన్న పాత్ర చుట్టూ వరుసలు వరుసలుగా బొమ్మలు. పై వరుసలో రెండు సైన్యాలు డాలుకు డాలు ఆనించి ఎదురెదురుగా నడుస్తుంటాయి. సైనికుల అడుగు తప్పకుండా ఒక కుర్రాడు జంట పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. మధ్య వరుసలో రౌతులు, రథం, సింహం వేట. ఒక పక్కగా, ముగ్గురు దేవతల్లో అందగత్తె ఎవరో పారిస్ తేల్చిన కథ. అడుగు వరుసలో కుందేళ్ళ వేట. ఒక వేటగాడు వీపున చచ్చిన కుందేళ్ళు వేలాడేసుకుని, పొద చాటున మోకాళ్ళ మీద కూర్చుని, వెనకవాణ్ణి ఆగమని సైగ చేస్తున్నాడు. ఆ సైగ చూస్తే మనమూ ఊపిరి బిగబట్టి ఆగిపోతాం. రెండు వేల ఆరువందల ఏళ్ళు దాటిపోయాయి; ఆ కుందేలు ఇంకా చిక్కలేదు.

దీన్ని 'కీజీ కూజా' అంటారు. కీజీ అనేది చేసినవాడి పేరు కాదు, బొమ్మలు వేసినవాడి పేరూ కాదు. 1881లో ఇటలీలో, రోముకు ఉత్తరాన ఒక పాత సమాధిలో ఇది బయటపడింది. ఆ నేల కీజీ వంశపు జమీందారుగారిది. భూమి ఎవరిదో కుండ వారి పేరున చెలామణి అయింది. ఇప్పుడది రోములోని విల్లా జూలియా మ్యూజియంలో ఉంది. మరి బొమ్మలు వేసినవాణ్ణి ఏమంటారు? కొందరు 'కీజీ చిత్రకారుడు' అంటారు. కొందరు 'మాక్మిలన్ చిత్రకారుడు' అంటారు. అదే చేతి పని అనుకునే ఒక చిన్న నూనెబుడ్డి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని మ్యూజియానికి ఇచ్చిన దాత పేరు మాక్మిలన్. ఒక పేరు భూస్వామిది, మరొకటి దాతది. పనివాడిది మాత్రం కాదు.

పోనీ పాపం, అతనికి అక్షరాలు రావేమో అనుకుందామా అంటే, వచ్చు. పారిస్ కథ దగ్గర పాత్రల పక్కన పేర్లు రాసి ఉన్నాయి. పారిస్ మరోపేరు అలెగ్జాండ్రోస్, దేవతలు అథీనా, ఆఫ్రొడైటీ. ఇంకో విశేషం: ఆ అక్షరాల తీరు కొరింత్‌ది కాదని పండితులు గుర్తుపట్టారు. అంటే రాసిన చెయ్యి బయటి ఊరి నుంచి వచ్చినదై ఉండవచ్చు. బతకడానికి ఊరు వదిలి వచ్చినవాడు, పరాయి ఊళ్ళో పరాయివాళ్ళు తాగే కూజా మీద దేవతల పేర్లు రాసి, తన పేరు రాసుకోకుండా లేచి వెళ్ళిపోయాడు! ఈ మాట చదివి నేను పుస్తకం మూసి, మా చాల్ గ్యాలరీలోకి వచ్చి నిలబడ్డాను. కింద గల్లీ. మా గల్లీలకు పేర్లు లేవు, అంకెలే.

అక్కణ్ణుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. పగిలిపోయే వస్తువు మీద ఇంత శ్రద్ధగా బొమ్మ ఎందుకు వేస్తారు? వేసి, పేరెందుకు రాసుకోరు?

* * *

ముందు మా ఇంటి కుండల సంగతి చెప్పాలి. మాది కరీంనగర్ వైపు. పెళ్ళికి ఐరేని కుండలు లేనిదే మా ఇళ్ళల్లో పని జరగదు. ఊళ్ళో అయితే డప్పుల చప్పుడుతో ఆడవాళ్ళంతా కుమ్మరి ఇంటికి పోయి, ఆయనకు ఇచ్చేది ఇచ్చి, సున్నం మీద రంగులు పూసిన కుండలు నెత్తిన పెట్టుకుని వస్తారు. బొంబాయిలో ఆ కుమ్మరి ఏడీ? మా అక్క పెళ్ళి 1974లో. మా అవ్వ నన్ను వెంటబెట్టుకుని ధారావి కుంభార్‌వాడకు పోయింది. అక్కడి కుమ్మరులు సౌరాష్ట్ర నుంచి వచ్చిన గుజరాతీలు. వాళ్ళకు ఐరేని కుండ అంటే తెలియదు, మా అవ్వకు గుజరాతీ తెలియదు. చేతులతో సైజు చూపించి, ఒక్కొక్క కుండను వేలి కణుపుతో కొట్టి చప్పుడు విని, బేరం చేసి తెచ్చింది. ఆ కుండలను రెండు రాత్రులు గ్యాలరీలో వరుసగా పెట్టుకుని తనే సున్నం పూసి, జాజుతో, పసుపుతో, ఆకుపచ్చతో బొమ్మలు వేసింది. తీగలు, చుక్కలు, నెమళ్ళు. మిల్లు రాత్రిపాళీ నుంచి వచ్చేవాళ్ళు వాటిని తొక్కకుండా గోడవారగా నడిచి పోయారు.

పెళ్ళయ్యాక ఆ కుండలు ఏమయ్యాయి? ఒకదాంట్లో పప్పు పోసుకున్నాం. ఒకదాంట్లో చింతపండు. సున్నం రాలింది, నెమలి తోక పోయింది, తల పోయింది. ఒక్కొక్కటే పగిలింది. ఎవరూ ఏడవలేదు. 1982 సమ్మెలో మా నాయన మిల్లు పని పోయిన నాటికి ఒక్క కుండ కూడా లేదు.

గ్రీకు కుండకు పట్టిన రంగు వేరు. అది రంగే కాదు. ఏ మట్టితో కుండ చేశారో దాదాపు అదే మట్టిని నీళ్ళలో కలిపి, బరువు రేణువులు అడుక్కి దిగాక పైన మిగిలిన వెన్నలాంటి బురదతో బొమ్మ వేస్తారు. వేసేటప్పుడు కుండ రంగూ బొమ్మ రంగూ ఇంచుమించు ఒకటే. అంతా ఆవంలో తేలుతుంది. ముందు గాలి ఆడనిచ్చి కాలుస్తారు, మొత్తం ఎర్రబడుతుంది. తర్వాత గాలి మూసి పొగలో కాలుస్తారు, మొత్తం నల్లబడుతుంది. మళ్ళీ గాలి వదులుతారు. అప్పుడు కుండ తిరిగి ఎర్రబడుతుంది. సన్నబురద పూసిన చోటు మాత్రం గాజులా బిగిసిపోయి గాలిని లోపలికి రానీయదు కనక నల్లగానే నిలుస్తుంది. అందుకే అది రాలదు. మా అవ్వ సున్నం రాలింది. కాని ఇద్దరి ప్రశ్నా ఒకటే. ఎంత గట్టి బొమ్మ అయినా కుండ పగిలితే పోవలసిందే కదా.

ఇక గురిగి సంగతి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాకు పదేళ్ళప్పుడు మా చెల్లె తట్టు వచ్చి పోయింది. దానికి మూడో ఏడు నిండలేదు. సంక్రాంతికి ఊరి నుంచి మా నాయనమ్మ తెచ్చిన గురుగుల్లో ఒకటి అది పట్టుకుని తిరిగేది. మా అవ్వ దానికి సున్నం చుక్కలు పెట్టి, చుట్టూ జాజు గీత గీసి ఇచ్చింది. అందులో బియ్యం పోసి 'వండేది', మా అందరికీ వడ్డించేది. దాన్ని తీసుకుపోయే రోజు మా అవ్వ ఆ గురిగిని గుడ్డలో దాని పక్కన పెట్టి కట్టింది. నాకు ఆ గురిగి మీద ఆశ ఉంది. అప్పుడు ఏమీ అనలేక, కొన్ని రోజులకు అడిగాను:

"అవ్వా, గురిగి మంచిగనే ఉండె గదా. మట్టిల ఎందుకు పెట్టినవ్?"

"అది దానిదిరా. మనదైతే గద మనం ఉంచుకునుడు."

అంతే అంది. బీడీలు చుడుతూ తల ఎత్తలేదు.

అరవై ఏళ్ళ పైచిలుకు తర్వాత, ఈ చిరిగిన పుస్తకంలో ఒక పుట తిప్పితే, అరచేతిలో పట్టేంత కూజాలు కనిపించాయి. ఏథెన్సులో చలి వెనకబట్టి పూలు పూసే కాలంలో మూడు రోజుల పండుగ ఒకటి జరిగేది. ఆ పండుగలో మూడో ఏట పడిన పిల్లలకు తల మీద పూలదండ పెట్టి, బుల్లి కూజా ఇచ్చేవారట. కూజా మీద పిల్లల బొమ్మలే. దోగాడే పసివాడు, బుల్లి బండి లాగే పిల్ల, కుక్కపిల్ల, చిన్న పీట. పసివాడి భుజం మీదుగా వాలుగా తాయెత్తుల తాడు, అచ్చం మన పిల్లలకు కట్టినట్టే. ఈ బుల్లి కూజాల్లో కొన్ని పసిపిల్లల సమాధుల్లో దొరికాయి. పండుగకు అందని పిల్లలకు కూడా తల్లిదండ్రులు కూజా ఇచ్చి పంపించారని పండితులు అనుకుంటున్నారు.

నేను పండితుణ్ణి కాను కనక అనుకోనక్కర్లేదు. నాకు తెలుసు.

* * *

నా ప్రశ్నకు వద్దాం. పగిలిపోయేదాని మీద బొమ్మ ఎందుకు?

మొదటి జవాబు: నలుగురూ గుర్తుంచుకోవాలని. ఇది నిలవదు. గుర్తు కోసమైతే పేరు రాసుకునేవాడు. మట్టిలో పెట్టే గురిగి మీద చుక్కలు పెట్టేది ఎవరు చూడాలని?

రెండో జవాబు: అమ్ముకోడానికి. ఇందులో నిజం ఉంది. ఈనాడు చెక్కుచెదరకుండా కనిపించే గ్రీకు కుండల్లో చాలా భాగం గ్రీసులో దొరకలేదు, ఇటలీలో ఎట్రస్కన్ల సమాధుల్లో దొరికాయి. ఓడలకెక్కించి అమ్మారు. కొన్ని కుండల అడుగున వ్యాపారులు గీకిన గుర్తులు, ధరలు ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మ బాగుంటే ధర బాగా పలికి ఉంటుంది. కాని ధర కోసమే అయితే పని ధర దగ్గర ఆగాలి. పొద చాటు వేటగాడి సైగకు ఏ బేరగాడు అదనంగా ఇచ్చి ఉంటాడు? ప్రతి మంచి పనిలోనూ కూలికి మించిన కొంత ఉంటుంది. దాని లెక్కే మనకు కావలసింది.

మూడో జవాబు మా అవ్వది: "అది దానిది." వస్తువు ఎవరి చేతికి పోతుందో వారిదిగా భావించి పని చేయడం. ఎంతకాలం ఉంటుందన్నది లెక్క కాదు. వాళ్ళ చేతిలో ఉన్నంతసేపు అది వారికి తగినట్టు ఉండాలి, అంతే. బొమ్మ అంటే ఎదుటి మనిషికి చేసే మర్యాద. మర్యాద నిలవ ఉండదు కదా అని ఎవరైనా మానేస్తారా? పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెప్పుల కింద పోతుందని తెలిసే గ్యాలరీలో రెండడుగుల జాగాలో ముగ్గేసిన ఆడవాళ్ళను నేను చిన్నప్పటి నుంచి చూశాను.

ఈ జవాబు దగ్గర నేను సంతోషంగా ఆగిపోయేవాణ్ణే. మిల్లు యూనియన్‌లో పనిచేసిన ఒక పాత మిత్రుడితో చెప్పాను. ఆయన విని, టీ కప్పు కింద పెట్టి అన్నాడు: "మాస్టారూ, బాగుంది. పనివాడు పేరు అడగడు, ఎందుకంటే మర్యాదస్తుడు. మరి కీజీ గారు మర్యాదస్తుడు కాడా? ఆయన పేరెందుకు ఉంది? మీ వేదాంతం ఎప్పుడూ కూలివాడికే చెప్తారేం?"

నాకు గట్టి దెబ్బ తగిలింది. ఆయన మాట నిజం. 'ఫలం ఆశించకు' అన్న మాట ఫలం తిన్నవాడి నోట వినబడితే దాని రుచి వేరు. మళ్ళీ పుస్తకం తెరిచాను. గ్రీకు పనివాళ్ళలో పేరు రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. 'ఫలానావాడు చేశాడు', 'ఫలానావాడు గీశాడు' అని. ఏథెన్సులో క్రీ.పూ. 580 ప్రాంతంలో సోఫిలోస్ రాశాడు, తర్వాత ఎక్సేకియాస్ రాశాడు. లుడోస్ అనే అతను ఒకడు ఒక గరిటెగిన్నె మీద తాను గీశానని రాసి, తాను బానిసనని కూడా రాశాడు. లుడోస్ అంటే 'లిడియా దేశస్థుడు' అని అర్థం. అది తల్లి పెట్టిన పేరై ఉండదు. కొన్నవాళ్ళు పిలిచిన పేరై ఉంటుంది. ఆ పేరునే తీసుకుని, బానిసనన్న మాటను కూడా దాచకుండా, తన పని మీద పెట్టాడు.

అప్పుడు నాకు అర్థమైంది, నేను రెండు విషయాలను కలగలిపేస్తున్నానని. పేరు రాసుకోవాలా వద్దా అన్నది చేసినవాడి ఇష్టం. పేరు అడగాలా వద్దా అన్నది తీసుకున్నవాడి బాధ్యత. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొట్టడమే అన్యాయం. మా అవ్వ గురిగి మీద తన పేరు రాసుకోలేదు, అది ఆమె గొప్పతనం. ఆమె కుండలు కొన్న గుజరాతీ కుమ్మరి పేరు మాకెవరికీ తెలియదు. ఇది ఆయన గొప్పతనం కాదు, మా లోపం.

అయితే అడగడంలోనూ తేడా ఉంది. బడి రిజిస్టరులో తండ్రి పేరు గడి ఒకటి ఉండేది. పక్క గల్లీల నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి ఆ గడిలో చెప్పడానికి ఏమీ ఉండదని తెలిసి కూడా, కొత్త మాస్టారుగా ఒక ఏడాది నేను అందరి ముందూ నిలబెట్టి అడిగాను. ఒక పిల్లవాడు నా మొహం చూడకుండా గోడ మీద భారతదేశం పటం చూస్తూ నిలబడ్డాడు. మర్నాటి నుంచి రాలేదు. పోలీసు అడిగేదీ పేరే, పిలవడానికి అడిగేదీ పేరే. నేను అడిగింది మొదటి రకం. 2024 నుంచి మహారాష్ట్రలో కొత్తగా పుట్టే పిల్లల రికార్డుల్లో తల్లి పేరు తప్పనిసరి చేశారు. ఆ వార్త చదివిన రోజు ఆ పిల్లవాడే గుర్తొచ్చాడు.

* * *

ఇక తప్పొప్పుకోలు.

ఏథెన్సులో కుమ్మరుల పేట పేరు కెరమైకోస్. కెరమోస్ అంటే కుమ్మరి మట్టి. నేటి సిరామిక్ అన్న మాటకు మూలం అదే. ఆ పేటలో ఆవాలున్నాయి, శ్మశానం ఉంది, ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళూ ఉన్నారు. అక్కడి తవ్వకాల్లో ఒక పెద్ద ఇల్లు బయటపడింది. అందులో బోలెడన్ని తాగే పాత్రలు, వందకు పైగా మగ్గం బరువులు, పరాయి దేశాల దేవతల తాయెత్తులు దొరికాయి. దూరదేశాల నుంచి తెచ్చిన ఆడవాళ్ళు అక్కడ మగ్గం నేస్తూ, ఆ వృత్తీ చేస్తూ ఉండేవారని చాలామంది పరిశోధకులు అంటారు. ఆ పేట పేరు చెప్పడానికి నేడు ఎవరూ సిగ్గుపడరు. ప్రపంచమంతా తమ ఇంటి నేల మీద పరుచుకునే పలకలను ఆ మాటతోనే పిలుస్తోంది.

మన పేట సంగతి? కామాఠి అంటే కూలిపని, కట్టడపు పని చేసే మనిషి. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకా నుంచి వచ్చిన మనవాళ్ళు ఇక్కడి పల్లపు నేలలో గుడిసెలు వేసుకున్నారు. ఈ నగరం ఎత్తిన గోడల్లో వాళ్ళ చేతులున్నాయి. ఏ గోడ మీదా వాళ్ళ పేరు లేదు. ఒక్క ఈ పేటకు మాత్రం ఉంది. తర్వాత తెల్లదొరల కాలంలో ఆ వృత్తి ఇక్కడ గుమిగూడేట్టు చేశారు. ఐరోపా నుంచి వచ్చిన ఆడవాళ్ళుండే వీధికి సఫేద్ గల్లీ అని పేరు కూడా పడింది. ఆ నాటి నుంచి కామాఠిపుర అంటే ఎదుటివాడి పెదవి మీద ఒక నవ్వు.

1998లో మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలో నేను చిరునామా 'ముంబయి సెంట్రల్' అని అచ్చు వేయించాను. మగపెళ్ళివారు హైదరాబాదువాళ్ళు, ఏమనుకుంటారోనని. మా అవ్వ అప్పటికి బతికే ఉంది. ఆమెకు చదువు రాదు కనక ఆమెకు తెలియదనుకున్నాను. లక్షలమంది కూలీలు ఈ నగరం మీద చేసిన ఒక్క సంతకాన్ని నా చేత్తో నేనే తుడిచాను. అదీ, పక్క గల్లీలో నాలాగే ఊరు వదిలి వచ్చి, అసలు పేరు పోగొట్టుకుని బతుకుతున్న ఆడవాళ్ళతో కలిపి నన్ను చూస్తారేమోనన్న భయంతో. నా పరువును వాళ్ళ నుంచి కాపాడుకోవాలనుకున్నాను. వాళ్ళు నా పరువుకు చేసిన హాని ఏమిటని అడిగితే ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఈ గల్లీలన్నీ పడగొట్టి మేడలు కట్టే పథకం నడుస్తోంది. మంచిదే. కారే కప్పుల కింద బతకమని ఎవరికీ నీతులు చెప్పను. కుండ పగలడం తప్పు కాదని మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను. మేడలకు ఏదో మంచి పేరు పెడతారు. ఆ పేరులో కామాఠి అన్న మాట ఉంచమని అడిగేవాళ్ళు మనలో ఎందరున్నారన్నదే నా అనుమానం.

వచ్చే నెల మనవరాలి పెళ్ళి. ఐరేని కుండల కోసం మొన్న ధారావి కుంభార్‌వాడకు వెళ్ళాను. సారె దగ్గర కూర్చున్నాయనకు నా వయసే ఉంటుంది. కుండలు ఏరుకున్నాక, హిందీలో ఆయన పేరడిగాను. ఆయన చేతులు తుడుచుకుని నా వైపు అనుమానంగా చూశాడు. సర్వేవాడినో, కార్పొరేషన్ మనిషినో అనుకున్నట్టున్నాడు. "ఏమీ లేదు భాయ్, పెళ్ళిలో ఎవరైనా అడిగితే చెప్పడానికి" అన్నాను. నవ్వి, చెప్పాడు. అచ్చులో వేస్తానని ఆయనతో అనలేదు కనక ఇక్కడ రాయడం లేదు. ఇంటికి వచ్చి ఒక కుండ అడుగున సుద్దతో రాసిపెట్టాను.

పేరు చెప్పి ఆయన ఊరుకోలేదు. "మరి మీరు? ఎక్కడుంటారు?" అన్నాడు.

"కామాఠిపుర" అన్నాను.

ఆయన నవ్వుతాడేమోనని ఒక్క క్షణం చూశాను. ఆయన కుండల మధ్య గడ్డి పెట్టి, తాడు బిగించి కట్టడంలో ఉన్నాడు. శుభలేఖ ప్రూఫు ఆ సాయంత్రమే వచ్చింది. చిరునామా దగ్గర మా అబ్బాయి 'ముంబయి సెంట్రల్' అని వేయించాడు. ఎర్రసిరా పెన్ను కోసం వెతుక్కున్నాను.